చూసే తుపాకి

టెక్కలి దగ్గర తేలినీలాపురం అని ఒక చిన్న ఊరుంది. వానలు వెనకబట్టే వేళకు, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, గూడబాతులూ రంగు కొంగలూ గుంపులుగా ఆ ఊరి చెట్లమీదికి వచ్చి గూళ్లు కట్టుకుంటాయి. చుట్టుపక్కల తంపర భూముల్లో చేపలు పట్టి తెచ్చి పిల్లల నోట పెడతాయి. మార్చి, ఏప్రిల్ నాటికి పిల్లలకు రెక్కలు వస్తాయి, చెట్లు ఖాళీ అవుతాయి. (ఇవి సైబీరియానుంచి వస్తాయని మనవైపు చాలామంది చెబుతారు. నిజానికి గూడబాతూ, రంగు కొంగా మన దక్షిణాసియా ప్రాంతపు పక్షులే. సైబీరియాలో అవి గూళ్లు కట్టవు.) ఊరివాళ్లు వాటిమీద రాయి కూడా విసరనివ్వరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా ఒప్పుకోదు.

అయితే అదే టెక్కలిలో, పలాస కాశీబుగ్గల్లో, ఉద్దానం కొబ్బరితోటల నడుమ ఉన్న ఇళ్లలో అటకలు వెతికితే, బాతులను కొట్టే తుపాకి ఇప్పటికీ ఎక్కడో ఒకచోట బయటపడవచ్చు. కంగారు పడకండి. అది ప్లాస్టిక్ తుపాకి. 1990లలో మన చిన్న పట్టణాల దుకాణాల దాకా వచ్చిన చవక వీడియో గేము పెట్టెలతోబాటు వచ్చేది. పెట్టెలో పసుపుపచ్చని క్యాసెట్టు ఒకటి పెడితే టీవీ తెరమీద పచ్చగడ్డి, ఒక చెట్టు, ఒక కుక్క కనిపించేవి. కుక్క వాసన పట్టి గడ్డిలోకి దూకేది. బాతు రెక్కలు కొడుతూ పైకి లేచేది. మీ చిన్నాన్నగారో, మేనమామగారో తుపాకి ఎక్కుపెట్టి టపటపా కొట్టేవారు. గురి తప్పితే కుక్క గడ్డిలోంచి తల ఎత్తి పకపక నవ్వేది. ఆ నవ్వు విన్నవాళ్లు ఈనాటికీ మరచిపోలేదు!

ఆ ఆట పేరు 'డక్ హంట్'. జపానుకు చెందిన నింటెండో కంపెనీ 1984లో విడుదల చేసింది. మన ఊళ్లకు వచ్చిన పెట్టెలు చాలావరకు ఆ కంపెనీ పెట్టెకు నకళ్లు.

ఇప్పుడు అటకమీది తుపాకి దించి, గోడకు తగిలించిన కొత్త పలక టీవీకి కలిపి కొట్టి చూడండి. నూరుసార్లు కొట్టినా ఒక్క బాతు పడదు. కుక్క నవ్వుతూనే ఉంటుంది. తుపాకి చెడిపోయిందని పెద్దవాళ్లు పాత సామాన్లవాడికి వేసేస్తారు. పాపం, ఆ తుపాకి చెడిపోలేదు! ఎందుకు కొట్టలేకపోయిందో తెలియాలంటే, అసలు ఎలా కొట్టేదో తెలియాలి. అది తెలిస్తే ఎక్కువ మార్కులు కొట్టే కిటుకులు కూడా వాటంతటవే తెలిసిపోతాయి.

తుపాకిలోంచి ఏదో కిరణం వెలువడి టీవీకి తగులుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ తుపాకిలోంచి ఏమీ బయటికి రాదు. దాని గొట్టం లోపల ఒక చిన్న కటకం, దాని వెనక కాంతి డయోడు ఉంటాయి. కాంతి పడితే డయోడులో విద్యుత్తు కదులుతుంది, పడకపోతే కదలదు. అంటే ఆ గొట్టం ఒక కన్ను. మన కన్నులాగా అది బాతునూ చెట్టునూ గుర్తుపట్టలేదు. 'వెలుగు ఉంది', 'వెలుగు లేదు' అనే రెండే మాటలు చెప్పగలదు. నిజానికి తుపాకి టీవీని కొట్టదు. టీవీయే తుపాకిని వెలుగుతో కొడుతుంది.

మరి రెండు మాటలే వచ్చిన ఈ గుడ్డికన్ను, గురి బాతుమీద ఉందో ఆకాశంమీద ఉందో ఎలా చెబుతుంది? ఇక్కడే ఉంది గమ్మత్తు.

టీవీ బొమ్మ కదులుతున్నట్టు కనిపించినా, అది ఒకదాని వెంట ఒకటి వచ్చే నిశ్చల చిత్రాల వరుస. మన దేశపు పద్ధతిలో సెకండుకు 50 సార్లు తెర కొత్తగా గీయబడుతుంది. మీరు ట్రిగ్గరు నొక్కగానే కంప్యూటరు మొదట తెరనంతా నల్లగా చేస్తుంది. ఒక్క ఫ్రేము, అంటే సెకండులో 50వ వంతు మాత్రమే. ఆ తరువాతి ఫ్రేములో, నొక్కిన క్షణాన బాతు ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడ తెల్లని చదరం ఒకటి గీస్తుంది. మిగతా తెర నల్లగానే ఉంటుంది. ఆ వెంటనే ఆకాశం, చెట్టు, బాతు మళ్లీ వచ్చేస్తాయి. మనకు తెర ఒక్కసారి చటుక్కున మెరిసినట్టు మాత్రమే తోస్తుంది.

నల్లని ఫ్రేములో తుపాకి 'వెలుగు లేదు' అనాలి. తెల్ల చదరపు ఫ్రేములో 'వెలుగు ఉంది' అనాలి. రెండూ సరిగ్గా కుదిరితేనే బాతు పడుతుంది. గురి పక్కకు పోతే రెండుసార్లూ 'లేదు' అంటుంది, బాతు ఎగిరిపోతుంది.

మొదట నల్లగా చేయడం దేనికని అడుగుతారు. అది దొంగాటను పట్టుకునే కాపలా! తుపాకిని టీవీవైపు కాక కరెంటు బల్బువైపు తిప్పి కొట్టారనుకోండి. బల్బు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది గదా. నల్లని ఫ్రేములో కూడా తుపాకి 'వెలుగు ఉంది' అంటుంది. కంప్యూటరు 'ఇదేదో మోసం' అని మార్కులు ఇవ్వదు.

ఇంకో సందేహం. ఈ ఆటలో రెండు బాతులు ఒకేసారి ఎగిరే పద్ధతి కూడా ఉంది. తెరమీద రెండు చదరాలు వెలిగితే, తుపాకి చూసింది ఏ చదరాన్నో ఎలా తెలుస్తుంది? రెండూ ఒకేసారి వెలగవు. నల్లని ఫ్రేము తరువాత మొదటి బాతు చదరం, దాని తరువాతి ఫ్రేములో రెండో బాతు చదరం వెలుగుతాయి. తుపాకి ఎప్పుడు 'ఉంది' అన్నదో చూస్తే చాలు, ఏ బాతో తెలిసిపోతుంది. ఎక్కడ అనే ప్రశ్నకు ఎప్పుడు అనేది జవాబు చెబుతుందన్నమాట.

ఈ ఉపాయం ఉద్దానం మత్స్యకారులకు కొత్తదేమీ కాదు. చీకటి సముద్రంలో పడవలో ఉన్నవారికి దూరాన ఒక దీపం మాత్రమే కనిపిస్తుంది. అది బారువ దీపస్తంభమా, కళింగపట్నం దీపస్తంభమా? దీపం మొహం చూసి చెప్పలేరు. ఎంతెంత వ్యవధిలో మెరుస్తున్నదో లెక్కపెట్టి చెబుతారు. ప్రతి దీపస్తంభానికీ తనదైన తాళం ఒకటి ఉంటుంది. దాన్నిబట్టే ఒడ్డు ఎటో తెలుస్తుంది.

ఇటువంటి తుపాకి ఆటలకోసం పుట్టలేదు. 1950ల తొలినాళ్లలో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో 'వర్ల్‌విండ్' అనే కంప్యూటరు ఉండేది. దాని తెరమీద చుక్కలు వెలిగేవి. ఫలానా చుక్క గురించి చెప్పమని యంత్రాన్ని అడగడానికి, వెలుతురును గుర్తించే గొట్టాన్ని ఆ చుక్కమీద పెట్టి మీట నొక్కేవారు. ఏ చుక్కను గీస్తున్న క్షణంలో గొట్టం స్పందించిందో దాన్నిబట్టి కంప్యూటరు చుక్కను గుర్తుపట్టేది. రాడారు తెరలకు ఇది బాగా పనికివచ్చింది.

అంతకు ముందు, 1936లో, అమెరికాలోనే సీబర్గ్ కంపెనీ 'రే ఓ లైట్' అనే బాతుల ఆట తెచ్చింది. అందులో అంతా తలకిందులు. తుపాకే వెలుగు చిమ్మేది, బాతు బొమ్మలో కాంతిని పసికట్టే ఘటం ఉండేది. నింటెండో కూడా 1970లో తెచ్చిన బొమ్మ తుపాకిలో ఈ పద్ధతే వాడింది. షార్ప్ కంపెనీ తరఫున సౌరఘటాలు అమ్మడానికి వచ్చిన మసయుకి ఉయెమురా అనే ఇంజనీరూ, నింటెండోలో బొమ్మలు తయారుచేసే గున్‌పెయి యొకోయీ కలిసి, సౌరఘటాన్ని గురిబిళ్లగా మార్చారు. ఆ ఉయెమురాయే తరువాత నింటెండోలో చేరి, 1983లో వచ్చిన వీడియో గేము పెట్టెకు రూపకల్పన చేశాడు. టీవీ తెరలో సౌరఘటం అమర్చలేరు గదా! అందుకని తుపాకీ, గురీ పనులు మార్చుకున్నాయి. గురి వెలుగుతుంది, తుపాకి చూస్తుంది.

ఇక కిటుకులు. జాతరలో బెలూన్లు బాగా పేల్చేవాడు కూడా ఈ ఆటలో మొదట తడబడతాడు. ఎందుకో చూడండి. మీ స్నేహితుడు సెకండుకు 5 మీటర్ల వేగంతో అడ్డంగా పరుగెత్తుతున్నాడు. మీరు 15 మీటర్ల దూరాన నిలబడి సెకండుకు 15 మీటర్ల వేగంతో బంతి విసిరారు. బంతి చేరడానికి ఒక సెకండు పడుతుంది. ఈలోగా అతను 5 మీటర్లు ముందుకు పోతాడు. కాబట్టి అతనికి 5 మీటర్లు ముందుకు విసరాలి. కదిలే వస్తువును కొట్టాలంటే కొంచెం ముందుకు గురి పెట్టాలని మన చేతికి ఇలా అలవాటయింది.

మన ఆటలో ప్రయాణించేది బంతి కాదు, వెలుగు. 3 మీటర్ల దూరాన్ని వెలుగు సెకండులో 10 కోట్ల వంతు కాలంలో దాటుతుంది. బాతు తెరమీద సెకండుకు అరమీటరు వేగంతో పోతున్నా, ఆ వ్యవధిలో అది కదిలే దూరం వెంట్రుక మందంలో పదివేల వంతు కూడా ఉండదు. పైగా చదరాన్ని గీసేది ట్రిగ్గరు నొక్కినప్పుడు బాతు ఉన్నచోటే. కాబట్టి ముందుకు గురి పెట్టారా, తప్పినట్టే! బాతు నడుముకు సూటిగా పెట్టండి. తుపాకిని బాతు వెంట ఊపుతూ తిప్పడం కన్నా ఇంకొక పద్ధతి మంచిది. బాతు తెర అంచుకు తగిలి బంతిలాగా వెనక్కు తిరుగుతుంది. అది వచ్చే దారిలో ఒకచోట తుపాకిని కదలకుండా నిలిపి ఉంచండి. బాతు ఆ చోటికి వచ్చినప్పుడు నొక్కండి. రాకముందు మాత్రం నొక్కవద్దు.

దూరం సంగతి స్వయంగా పరీక్షించి తెలుసుకోవచ్చు. నల్ల కాగితాన్ని 30 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు ఉండే గొట్టంగా చుట్టండి. గోడమీద 5 సెంటీమీటర్ల వెడల్పుగల గుండ్రని తెల్ల కాగితం అంటించి, అదే బాతు అనుకోండి. గొట్టాన్ని కంటికి ఆనించి, గోడకు ఒకటిన్నర మీటర్ల దూరంనుంచి చూడండి. గొట్టంలోంచి 10 సెంటీమీటర్ల వెడల్పుగల వృత్తం కనిపిస్తుంది. అందులో బాతు నాలుగో వంతు ఆక్రమిస్తుంది. ఇప్పుడు 3 మీటర్ల దూరానికి జరగండి. కనిపించే వృత్తం వెడల్పు 20 సెంటీమీటర్లు అవుతుంది. బాతు వాటా ఎంత? సగం కాదు, పదహారో వంతుకు పడిపోయింది! దూరం రెట్టింపయితే వైశాల్యం నాలుగింతలవుతుంది గదా. తుపాకి కన్ను సంగతీ ఇంతే. దూరం వెళ్లేకొద్దీ చూపులో నలుపు ఎక్కువై, తెలుపు తక్కువై, అది 'ఉంది' అనలేకపోతుంది. ఐదారు అడుగుల దూరం బాగుంటుంది. గొట్టాన్ని అద్దానికి ఆనించి కొట్టే మహానుభావులు కూడా ఉంటారు. వాళ్లకు మార్కులు వస్తాయి, మర్యాద రాదు.

టీవీ వెలుగును, తెలుపు నలుపుల తేడాను కాస్త పెంచుకోండి. చదరం మసకగా ఉంటే తుపాకి పట్టించుకోదు. తెర అద్దంలో కిటికీ వెలుతురుగాని, ట్యూబులైటుగాని ప్రతిబింబించకుండా చూడండి. నలుపు నలుపుగా ఉంటేనే తెలుపుకు విలువ.

ఇక లెక్కలు. ఒక రౌండులో 10 బాతులు వస్తాయి. ఒక బాతుకు మూడు దెబ్బలు. రెండేసి బాతులు ఎగిరే ఆటలో జంటకు కలిపి మూడు, అంటే పొరపాటుకు ఒక్కటే మిగులుతుంది. మొదటి 10 రౌండ్లలో పదింటికి 6 కొడితే తరువాతి రౌండుకు పోవచ్చు. 11, 12 రౌండ్లలో 7 కొట్టాలి, 13, 14లలో 8, 15నుంచి 19 దాకా 9. 20నుంచి ఒక్కటి తప్పినా ఆట ముగిసినట్టే.

మొదటి ఐదు రౌండ్లలో నల్ల బాతుకు 500, నీలి బాతుకు 1000, ఎర్ర బాతుకు 1500 మార్కులు. అందుకని పిల్లలంతా ఎర్ర బాతుకోసం ఎదురుచూస్తారు. లెక్క వేయండి. పది బాతులనూ ఒక్కటీ తప్పకుండా కొడితే 10,000 మార్కులు అదనంగా వస్తాయి. పది నల్ల బాతులు కలిసినా 5000 మాత్రమే! ఒక్క నల్ల బాతు తప్పితే పోయేది 500 కాదు, 10,500. రంగు చూసి సంబరపడేవాడికన్నా, నల్లదాన్ని కూడా వదలనివాడికే ఎక్కువ మార్కులు. దెబ్బలు మిగుల్చుకుంటే అదనంగా ఏమీ రాదు. కాబట్టి మొదటి దెబ్బ తప్పితే నిరాశ పడక, రెండోదీ మూడోదీ వాడేయండి. గాలిలోకి పళ్లేలు ఎగిరే మూడో ఆటలో మాత్రం ఆలస్యం పనికిరాదు. పళ్లెం దూరం పోతూ చిన్నదవుతుంది. కాగితపు గొట్టం లెక్క ఇక్కడా గుర్తుకు తెచ్చుకోండి.

రహస్యం ఒకటుంది. ఒక్కొక్క బాతే ఎగిరే ఆటలో, మొదటి జాయ్‌స్టిక్కు ఇంకొకరి చేతికి ఇవ్వండి. దాని మీటలతో బాతును ఎటు కావాలంటే అటు తిప్పవచ్చు! తమ్ముడు బాతు, అన్న వేటగాడు. తమ్ముడు తెలివైనవాడయితే అన్నకు చుక్కలు కనిపిస్తాయి. ఇంకొక విచిత్రం ఏమంటే, 99వ రౌండు దాటినవాళ్లకు పక్కన 0 అని కనిపిస్తుంది. అక్కడ బాతులు పిచ్చిపట్టినట్టు తిరిగి, ఆట ముగిసిపోతుంది. అంతదూరం పోతారని ఆట రాసినవాళ్లు లెక్కలోకి తీసుకోలేదు.

ఇక కొత్త టీవీ సంగతి. పాత డబ్బా టీవీలో గాజు గొట్టం వెనకనుంచి ఎలక్ట్రాన్ కిరణం వచ్చి, తెర లోపలి ఫాస్ఫర్ పూతకు తగిలి వెలుగు పుట్టిస్తుంది. ఆ కిరణం ఒక్కొక్క గీతగా, సెకండుకు దాదాపు 15,600 గీతలు గీస్తుంది. పెట్టెనుంచి సంకేతం అందిన క్షణంలోనే గీత వెలుగుతుంది. పలక టీవీ అలా కాదు. వచ్చిన చిత్రాన్ని మొదట దాచుకుంటుంది, తన కొలతకు సరిచేసుకుంటుంది, ఆ తరువాతే చూపిస్తుంది. ఆలస్యం సెకండులో పదో వంతుకన్నా తక్కువే కావచ్చు. సినిమా చూసేవారికి తేడా తెలియదు. కాని మన కంప్యూటరు సెకండులో 50వ వంతు దగ్గర ప్రశ్న అడుగుతున్నది! అది 'వెలుగు ఉందా?' అని అడిగే వేళకు కొత్త టీవీ ఇంకా వెనకటి చిత్రాన్నే చూపిస్తూ ఉంటుంది. తెల్ల చదరం తెరమీదికి వచ్చేసరికి ప్రశ్న ముగిసిపోయింది, కుక్క నవ్వడం మొదలుపెట్టింది.

రెండో కారణం కూడా ఉంది. నింటెండోవారి అసలు తుపాకిలో ఇంకొక జల్లెడ అమర్చారు. సెకండుకు పదిహేనువేల పైచిలుకు సార్లు అదిరే వెలుగునే, అంటే ఎలక్ట్రాన్ కిరణం గీతలనే, అది లెక్కలోకి తీసుకుంటుంది. నిలకడగా వెలిగే బల్బునూ, సెకండుకు 100 సార్లు మిణుకుమనే ట్యూబులైటునూ వదిలేస్తుంది. పలక తెరలో గీత గీసే కిరణమే లేదు. కాబట్టి ఆ వెలుగు తుపాకికి వెలుగే కాదు.

మీ ఇంట్లో పాత డబ్బా టీవీ పనిచేస్తూ ఉంటే తుపాకిని దానితోనే పరీక్షించండి. టీవీ వెనక మూత మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపల వేల వోల్టుల విద్యుత్తు నిలవ ఉండవచ్చు. ఆ గాజులో సీసం కలిసి ఉంటుంది కాబట్టి, పగలగొట్టి చెరువుగట్టున పారేయడం కూడా తగదు.

ఇప్పటి ఆటలు ఈ చిక్కును వేరే దారిలో దాటాయి. 2006లో నింటెండోయే తెచ్చిన 'వీ' అనే పెట్టెలో, చేతిలోని మీట ముందు భాగాన చిన్న కెమెరా ఉంటుంది. టీవీ దగ్గర పెట్టిన కడ్డీలో మన కంటికి కనిపించని పరారుణ దీపాలు వెలుగుతూ ఉంటాయి. ఆ దీపాలు తన చూపులో ఎటు పక్కకు ఉన్నాయో చూసి, చెయ్యి ఎటు తిరిగిందో కెమెరా లెక్కకడుతుంది. టీవీ ఏ రకమైనా, ఎంత ఆలస్యంగా చూపినా దానికి పట్టింపు లేదు. ఇందులో కూడా తుపాకి చేసే పని చూడడమే. మీ ఇంట్లోని టీవీ రిమోటు ముందున్న చిన్న దీపాన్ని సెల్‌ఫోను కెమెరాలో చూస్తూ మీట నొక్కండి. కంటికి కనిపించని ఆ పరారుణ కాంతి, చాలా ఫోన్లలో ఊదారంగు మెరుపుగా కనిపిస్తుంది.